ఏడంగుళాల దూలం

జూన్ 4

పుల్లమ్మకి,

నూట ఇరవై దూలాలతో లారీ ఇవాళ పొద్దున్నే బయల్దేరింది. ఈ ఉత్తరం కంటే ముందే అది మీ ల్యాబ్ గేటు ముందు నిలబడి హారన్ కొడుతుంది. డ్రైవర్‌కి టీ ఇప్పించు, మంచివాడు.

నువ్వు ఫోన్ చేశావని మీ అత్తయ్య చెప్పింది. నాతో ఫోన్లో మాట్లాడాలనుకోవడం గోడతో మాట్లాడాలనుకోవడమే. నలభై ఏళ్లు రంపం పక్కన నిలబడ్డ చెవులు ఇవి. ఉత్తరమే రాయి, ఎన్నిసార్లయినా చదువుకుంటాను.

చిన్నప్పుడు సెలవులకొచ్చి మన కలప అడితిలో కూర్చుని దొరికిన పుల్లనల్లా పటపటా విరిచేదానివి. అందుకే కదా నీకా పేరు పెట్టాను. రెండు దొంతుల మధ్య పలక వేసుకుని దాని మీద గెంతుతుంటే ఎన్నిసార్లు తిట్టానో! ఇప్పుడు చూడు, దూలాలు విరిచినందుకు నీకు జీతమిస్తున్నారు. పైగా ఇళ్లకి ఏ కర్ర ఎంత మందం వెయ్యాలో నియమాలు రాసే కమిటీలో కుర్చీ. ఆ కమిటీలో అందరికంటే చిన్నదానివి నువ్వేనని మీ అమ్మ చెప్పింది. ఆ మాట నేను కర్ర కొనడానికొచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాను. అడగనివాళ్లకి ముందు చెబుతున్నాను.

"ఎలా ఉన్నవి అలాగే పంపు మామయ్యా" అని రెండు గీతలు గీసి మరీ రాశావు. సరేలే, పంపాను. రెండు రోజులు నేనే దగ్గరుండి లోడ్ చేయించాను. మన కర్ర నీ పరువు తియ్యదు, నిశ్చింతగా ఉండు.

మీ అమ్మ మేడగది సంగతి మామూలే. గోడలు లేచి ఏడాదైంది, దూలాల దగ్గర ఆగింది. ఎనిమిదంగుళాలవి పన్నెండు కావాలి. ఊరికే ఇస్తానంటే మా అక్క పుచ్చుకోదు, కొందామంటే చేతిలో డబ్బు ఆడదు. నీ పట్టుదల ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరూ అడగక్కర్లేదు.

ఇట్లు,
నీ అడితి మామయ్య

అమ్మాయ్, నేను అత్తయ్యని. ఈయన ఆ రెండు రోజులూ భోజనానికి కూడా ఇంటికి రాలేదు. లారీకి కర్ర ఎక్కించడానికి అంతసేపెందుకో నాకైతే అర్థం కాలేదు.

జూన్ 23

మామయ్యకి,

డ్రైవర్‌కి టీతో పాటు టిఫిన్ కూడా పెట్టించాను. నీ గురించి గంటసేపు చెప్పాడు. నీ గొప్పలు నీ నోట వింటేనే బాగుంటాయి, వేరేవాళ్లు సగానికి సగం తగ్గించి చెబుతారు.

మా షెడ్డు నీకు నచ్చుతుంది. పొడుగ్గా, ఎత్తుగా, మన అడితిలాగే రంపపు పొట్టు వాసన. మధ్యలో పసుపు రంగు యంత్రం. దూలాన్ని రెండు కొసల దగ్గర ఆనించి నడుమ మీద నెమ్మదిగా నొక్కుతుంది. మొదట కర్ర మూలుగుతుంది. తర్వాత చిటపటలు. ఆ తర్వాత ఒక్కసారిగా ఫెళ్లుమంటుంది, కిటికీ అద్దాలు అదురుతాయి. నేను వెళ్లి ముక్కల మీద నంబరు వేసి, ఎంత బరువుకి విరిగిందో రాసుకుంటాను.

కర్ర పంపమన్నప్పుడు నువ్వు అడిగావు కదా, ఇన్ని ఎందుకు విరవడం, పది చాలవా అని. చాలవు. నూరు దూలాల్లో తొంభై ఐదు ఎంత గట్టివైనా మాకు లెక్కలేదు. అట్టడుగున ఉన్న ఆ ఐదూ ఎక్కడ విరిగాయన్నదే లెక్క. ఇల్లు కట్టుకునేవాడి వంతుకి ఏది వస్తుందో ఎవరికీ తెలియదు కదా. అందుకని అందరిలోకీ బలహీనమైనదాన్ని చూసి నియమం రాస్తాం.

కమిటీలో రెండు పక్షాలు. ఇప్పుడున్నట్టు ఎనిమిదంగుళాలే ఉండాలి, వీలైతే తొమ్మిది చెయ్యాలి అనేవాళ్లు కొందరు. ఇంత కర్ర వెయ్యమంటే సామాన్యుడు ఇల్లెలా కట్టుకుంటాడు, ఏడుకి దించాలి అనేవాళ్లు కొందరు. మా అధ్యక్షుణ్ణి అందరం పెద్దాయన అంటాం. ఆయన ఇద్దరి మాటా విని, "నాకు మాటలు వద్దు, విరిగిన దూలాలు చూపించండి" అన్నారు. ఆ పని నాకొచ్చింది.

ఇక అసలు విషయం. మామయ్యా, నీ కర్ర బంగారం! అట్టడుగు ఐదు కూడా మూడు టన్నుల దగ్గర గానీ విరగలేదు. మేము అనుకున్నది రెండు. ఈ లెక్కతో దేశమంతటికీ ఏడంగుళాలు చాలని చెప్పొచ్చు. సెప్టెంబర్ రెండున ఓటు. అమ్మ మేడగది కూడా ఏడుతోనే లేస్తుంది చూడు.

నీ పుల్ల

జూలై 2

మన ఇంటి ఇంజనీరుకి,

నీ ఉత్తరం చదివితే నాకు వెయ్యేనుగుల బలం వచ్చింది. మూడు టన్నులు! "మన కర్ర పరీక్షలో ఫస్టొచ్చింది" అని కోత మిల్లు వాళ్లకీ, ఎదురుగా ఇనుప కొట్టు వాడికీ, ఆఖరికి కరెంటు మీటరు చూడ్డానికొచ్చినాయనకీ చెప్పాను. ఇనుప కొట్టు వాడి మొహం చూడాల్సింది. విరిగిన ముక్క ఒకటి పంపించు, గల్లాపెట్టె పైన వేలాడదీస్తాను.

ఒక్క సంగతి. ఏడంగుళాలు దేశమంతటికీ అని రాశావు. అది ఊరికే మాటవరసకి అన్నావా, నిజంగానే పుస్తకంలోకి ఎక్కిస్తారా? ఎవరి అడితిలో కర్రకైనా, ఏ దొంతిలోంచి లాగినదానికైనా ఏడేనా?

నాకైతే ఎనిమిదే ఉండనివ్వమని ఉంది. ఒక్క అంగుళం కోసం కక్కుర్తి ఎందుకమ్మా? నేను ఇన్నేళ్లుగా పుస్తకంలో ఉన్నదానికి పైన ఒక వేలు ఎక్కువే వేయిస్తూ వచ్చాను. నా చేతుల మీదుగా వెళ్లిన కర్రతో కట్టిన ఇల్లు ఒక్కటీ కూలలేదు. మీ పెద్దాయనకి ఈ మాట చెప్పు. మామయ్య చెప్పాడని చెప్పకపోయినా ఫరవాలేదు.

నీ మామయ్య

ఆయనకి రెండు రోజుల్నించి అన్నం సయించడం లేదు. ఫస్టొచ్చినవాళ్లు ఇలా ఉంటారా? — అత్తయ్య

జూలై 14

మామయ్యకి,

నువ్వు కూడానా?

ఇక్కడ కమిటీలో రోజూ ఇదే పాట వింటున్నాను. "ఒక్క అంగుళం కోసం ఎందుకు." తాతల నాటి నుంచీ ఒక్కొక్కరూ ఒక్కొక్క వేలు కలుపుకుంటూ వచ్చారు. కోత మిల్లు వాడు భయపడి కొంత కలుపుతాడు, నువ్వు ఒక వేలు కలుపుతావు, మేస్త్రీ ఇంకొంచెం కలుపుతాడు, నియమం రాసేవాళ్లు అందరికంటే ఎక్కువ కలుపుతారు. ఎవరు ఎంత కలిపారో ఎవరికీ తెలియదు. కట్టుకునేవాడి నెత్తిన మాత్రం అంతా పడుతుంది. కట్టుకోలేని ఇల్లు ఎంత గట్టిదైతే ఏం లాభం? గోడలు లేచి ఏడాదిగా ఎండకి ఎండుతూ వానకి నానుతున్న అమ్మ మేడగదిని నువ్వు రోజూ చూస్తూనే ఉన్నావు కదా.

అడగకూడదనే అనుకున్నాను గానీ అడిగేస్తున్నాను. ఏడంగుళాలైతే అడితిలో కర్ర తక్కువ అమ్ముడవుతుందనా నీ బాధ?

నా లెక్క తప్పయితే ఎక్కడ తప్పో చూపించు, ఒప్పుకుంటాను. ఊరికే భయమేస్తోందంటే మాత్రం నేను ఒప్పుకోను. ఈ మాట నాకు నేర్పింది నువ్వే.

ఇంకో చిన్న సందేహం. దూలాల కొసల మీద నీలం మరక లాంటిది కనిపిస్తోంది, తడిగుడ్డతో తుడిచేసినట్టు. నూట ఇరవైకీ ఉంది. ఏమిటది?

నీ మేనకోడలు

జూలై 22

ఇంజనీరమ్మగారికి,

నా అమ్మకాల కోసం మాట్లాడానని రాశారు. చాలా సంతోషం. మీ చదువుకి ఫీజు కట్టిన రోజు నేను అమ్మకాలు చూసుకోలేదు. మీరు గెంతిన పలకలకి లెక్క రాసుకోలేదు. ఏడంగుళాలు వేసుకుంటారో, మూడు వేసుకుంటారో, అగ్గిపుల్లలతో ఇళ్లు కడతారో మీ ఇష్టం. ఈ అడితి వాడికి ఎందుకు?

పైన ఉన్నది నిన్న రాసింది. చింపేద్దామనుకున్నాను గానీ అత్తయ్య చింపనివ్వలేదు. "కోపం సంగతి రాశారు సరే, నీలం గీతల సంగతి రాయరేం?" అంది. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని.

పుల్లమ్మా, చెబుతున్నాను విను.

నేను కర్రని ఎలా చూస్తానో నీకు తెలుసు. ఒక చేయి కర్ర మీద ఆనించి, రెండో చేత్తో చిన్న సుత్తి పెట్టి తడతాను. చెవులు పోయినా అరచెయ్యి పోలేదు. ముడి ఎక్కడుందో, నార పోగు తిన్నగా పోయిందో ఏటవాలుగా పోయిందో, లోపల బీట ఉందో లేదో అరచేతికి తెలుస్తుంది. మనుషుల తల మీద వెయ్యదగ్గ కర్రకి కొస మీద నీలం సుద్దతో ఒక గీత గీస్తాను. మిగతావి దేనికి పనికొస్తే దానికి.

నీకు పంపినవన్నీ గీత గీసినవే. ఆ రెండు రోజులూ దొంతులు తిరగేసి, మూడు వందల పైచిలుకు కర్ర తట్టి చూసి, నూట ఇరవై ఏరాను. ఏరానని నీకు తెలియకూడదని గీతలు తడిగుడ్డతో తుడిచేశాను. అబద్ధం ఆడాలని కాదమ్మా. ఏ అడితి కర్ర మంచిదో తేల్చే పరీక్ష అనుకున్నాను. నువ్వు అలాగే పంపమన్నది మొహమాటానికనుకున్నాను. బడికి పంపే పిల్లకి తల దువ్వకుండా పంపుతామా? నూరుమంది పెద్దవాళ్ల మధ్య మా పిల్ల కూర్చుంది, దాని పక్కన మా కర్ర నిలబడుతుంది అనుకుంటే గర్వంతో నా కళ్లు మూసుకుపోయాయి.

నీ ఉత్తరంలో ఆ అట్టడుగు ఐదింటి సంగతి చదివిన రోజే నాకు ఏదో గుచ్చుకుంది. ఆ ఐదూ నా అడితిలోనే ఉన్నాయి తల్లీ, ఇంకా దొంతిలోనే ఉన్నాయి. లారీ ఎక్కలేదు. అవి ఏడంగుళాల్లో ఎవరి నెత్తి మీదికో వెళ్తాయేమోనని ఎనిమిది ఉంచమన్నాను. ఎందుకో చెప్పే ధైర్యం లేక నీళ్లు నమిలాను.

నీ లెక్కలో తప్పు లేదు. తప్పు నా చేతిలో ఉంది.

మామయ్య

జూలై 30

మామయ్యా,

అందింది.

నూట ఇరవై కర్ర మళ్లీ కావాలి. ఈసారి మా మనుషులే వస్తారు. దొంతిలో ప్రతి పదో కర్రా లెక్కపెట్టి తీసుకుంటారు. నీ అడితి ఒక్కటే కాదు, ఇంకో ఐదు అడితిల నుంచి కూడా అన్నేసి తెస్తారు. వాళ్లు తీస్తున్నప్పుడు నువ్వు దేన్నీ ముట్టుకోకు. సుత్తి ఇంట్లో పెట్టి రా.

ఇప్పుడు ఇంతకంటే రాయలేను.

పుల్ల

ఆగస్టు 25

పుల్లమ్మా,

మీ వాళ్లు వచ్చి వెళ్లి రెండు వారాలైంది. చేతులు కట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. పదో కర్ర, పదో కర్ర అని లెక్కపెట్టుకుంటూ వాళ్లు ఒక వంకర కర్రని, ముళ్లన్నీ ఒకేచోట గుమిగూడినదాన్ని, లారీ ఎక్కిస్తుంటే నాకు ప్రాణం పోయినంత పనైంది. "అది వద్దు బాబూ" అని నోటిదాకా వచ్చింది. మీ అత్తయ్య నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

నీ దగ్గర్నించి ఉత్తరం లేదు. అలిగావంటే అర్థం ఉంది. నీ కుర్చీ తీసేశారేమోనన్నదే నా భయం. మీ అమ్మని అడిగితే నాకేం తెలియదంటుంది. నీ ఇరవై ఏళ్ల కష్టం నా రెండు రోజుల డాబుతో బూడిదలో పోసిన పన్నీరయిందేమోనని లోపల కుమిలిపోతున్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే కావచ్చు గానీ, నిన్ను అడక్కుండా ఒక పని చేశాను. మీ పెద్దాయనకి ఉత్తరం రాశాను. తిడితే తిట్టు.

మామయ్య

సెప్టెంబర్ 5

మామయ్యకి, అత్తయ్యకి, (అమ్మకి కూడా చదివి వినిపించండి)

ఓటు అయిపోయింది. మొదట్నించీ చెబుతాను.

నీ ఉత్తరం అందిన రోజు గది తలుపేసుకుని ఏడ్చాను. మర్నాడు పెద్దాయన దగ్గరికి వెళ్లి, నా లెక్కలన్నీ చెల్లవని చెప్పేశాను. కొత్త కర్ర విరవడానికి నెల రోజులు గడువిచ్చారు. ఆ నెలా నేను ఎవరికీ ఉత్తరం రాయలేదు. రోజుకి ముప్ఫై దూలాలు విరిచాం. అలక కాదు మామయ్యా, చేతులకి ఖాళీ లేదు. అయినా రెండు ముక్కలు రాసి ఉండాల్సింది.

రెండో తారీఖున అందరి ముందూ లేచి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒకాయన, "బంధువు అడితిలో కర్ర ఎందుకు తెచ్చారు? ఎవరు తీశారో ఎందుకు చూసుకోలేదు?" అని కడిగేశారు. ఆయన అన్నదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు. అది నా పేరుతో సహా కమిటీ పుస్తకంలో రాశారు. ఎప్పటికీ అందులోనే ఉంటుంది. ఉండనీ.

అప్పుడు పెద్దాయన జేబులోంచి ఒక కాగితం తీశారు. రంపపు పొట్టు రాలింది దాంట్లోంచి. ఎవరి ఉత్తరమో నాకు వెంటనే తెలిసిపోయింది. పైకి చదివారు. "అయ్యా, తప్పు కర్రది కాదు, పిల్లది కాదు, నాది. ఏరొద్దంటే ఏరాను. నా మేనకోడలు చిన్నప్పుడు ఏదైనా విరగ్గొడితే దాచేది కాదు, ముక్కలు తెచ్చి చేతిలో పెట్టేది. ఇప్పుడూ అంతే చేస్తుంది, చూడండి." అక్కడితో ఆపి కళ్లజోడు తీసి, "ఈయన ఒక్కో కర్ర ఎంతసేపు చూస్తారు?" అని అడిగారు.

అర నిమిషం అన్నాను.

"రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టు" అన్నారు.

పెట్టాను. ఆరు అడితిల నుంచి ఏరకుండా తెచ్చిన కర్రలో నూటికి అట్టడుగు ఐదూ రెండు టన్నుల దగ్గర విరిగాయి. నువ్వు ఏరినవి మూడు. వంగడం కూడా నీవి బాగా తక్కువ. ఆ ఒక టన్ను తేడా కర్రది కాదు మామయ్యా, నీ అరచేతిది. చెల్లదని నేను పక్కన పడేసిన నూట ఇరవై దూలాలు, తెలిసినవాడు ఏరితే ఎంత తేడా వస్తుందో చూపించాయి.

ఏడు పక్షం వాళ్లూ, ఎనిమిది పక్షం వాళ్లూ సాయంత్రం దాకా వాదించుకున్నారు. ఒక్కచోట ఏరిన కర్ర సరిపోదు, ఇంకో ఐదుగురి చేత ఏరించి విరిచి చూడాలన్నారు. అదీ న్యాయమే. చూస్తాం. అది నిలబడితే ఇదీ నియమం: ఏరని కర్రకి ఎనిమిదంగుళాలు. పరీక్ష పాసై ముద్ర పొందినవాడు ఒక్కొక్కటీ చూసి ముద్ర వేసిన కర్రకి ఏడు. నా కుర్చీ ఎక్కడికీ పోలేదు. ఆ పరీక్ష ఎలా ఉండాలో రాసే పని కూడా నాకే ఇచ్చారు.

ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. నువ్వు ఏరినందుకు కాదు. ఆ కోపం కాగితం కింద రెండో కాగితం రాసినందుకు.

అమ్మకాల మాట అన్నందుకు చెంపలు వేసుకుంటున్నాను.

మీ పుల్ల

జనవరి 19

పుల్లమ్మకి,

ఆ ఐదుగురు ఏరిన కర్రా నిలబడి నియమం ఖాయమైంది కదా, నువ్వు రాసిన పరీక్షకి మొట్టమొదట నేనే కూర్చున్నాను. నువ్వు రాకపోవడం మంచిదే అయింది. బంధువులు దూరంగా ఉండాలని ఇప్పుడు మనిద్దరికీ బాగా తెలుసు.

అరవై కర్రలు వరసగా పరిచారు. నేను తట్టి, గీతలు గీసి పక్కకి జరిగాను. తర్వాత అరవయ్యీ విరిచారు. గీత గీసిన వాటిలో ఒక్కటి కూడా నన్ను మోసం చెయ్యలేదు. నేను మీసం తిప్పుకోబోతుంటే, పరీక్ష పెట్టినాయన మూడు మార్కులు తగ్గించానన్నాడు. ఎందుకయ్యా అంటే, మంచి కర్రలు మూడింటిని అనుమానంతో తోసేశారు, భయపడి తోసేసిన కర్ర కూడా తప్పేనన్నాడు. నాకు ఒళ్లు మండింది. తర్వాత ఇంటికొచ్చి ఆలోచిస్తే, నేను ఇన్నేళ్లూ కలుపుతూ వచ్చిన ఆ వేలు గుర్తొచ్చింది. ఆయన మాట నిజమే. ఆ మూడు మార్కులూ నీ ప్రశ్నాపత్రం పనేనని నాకు తెలుసు.

పాసయ్యాను. ఇనుప ముద్ర ఇచ్చారు, దాని మీద ఒకటో నంబరు ఉంది. ఇనుప కొట్టు వాడి దగ్గరికి నాలుగుసార్లు ఏదో ఒక పని పెట్టుకుని వెళ్లి చూపించి వచ్చాను.

మొదటి ముద్రలు ఎవరివో చెప్పుకో. మా అక్క వచ్చింది, ఏడంగుళాలవి పన్నెండు కావాలంది, తన సొంత సొమ్ముతో కొనుక్కుంది. ఏరి, తట్టి, ముద్ర వేశాను. ఎక్కించేటప్పుడు నా చెయ్యి పాత అలవాటు కొద్దీ ఎనిమిదంగుళాల దొంతి వైపు పోయింది. అక్క చూసి, "పిల్ల ఎంత రాసింది?" అంది. ఏడు అన్నాను. "అయితే ఏడే వెయ్యి" అంది. నలభై ఏళ్లలో మొదటిసారి, లెక్క ఎంత చెబితే అంతే వేశాను.

నిన్నటితో పలకలు కూడా పరిచేశారు. ఆ మేడగది నీదేనట. సెలవు పెట్టుకుని రా. వచ్చి దాని మీద నీకు ఓపిక ఉన్నంతసేపు గెంతు, తిట్టను. కింద గదిలో మీ అమ్మా, అత్తయ్యా, నేనూ కుర్చీలు వేసుకుని కూర్చుంటాం.

ఒకటో నంబరు మామయ్య